పేరు నిలిచి అర్థం మారిన తీగ: వైర్‌లెస్ మోడెమ్‌లో సీరియల్ సంకేతాలు

భాషాశాస్త్రం చదివినవారికి అర్థవిపరిణామం పరిచిత విషయమే. నువ్వుల నుంచి తీసినదానికే చెల్లిన ‘నూనె’ నేడు కొబ్బరికీ వేరుశనగకూ చెల్లుతోంది. సాంకేతిక ప్రమాణాల్లోనూ ఇదే జరుగుతుంది. అయితే అక్కడ పాత అర్థాన్ని పట్టుకున్నవారు దత్తాంశాన్ని కోల్పోతారు.

1960లో వెలువడి 1969లో ‘సి’ రూపం పొందిన ఆర్‌ఎస్‌-232 ప్రమాణంలో ‘రిక్వెస్ట్ టు సెండ్’ అంటే కంప్యూటర్ మోడెమ్‌ను అనుమతి కోరడం. ఒకసారి ఒక దిశలోనే సాగే టెలిఫోన్ మార్గంలో మోడెమ్ క్యారియర్ తరంగాన్ని లేపి, అది నిలకడ పొందాక ‘క్లియర్ టు సెండ్’ అని బదులిచ్చేది. రెండు దిశలూ ఒకేసారి సాగే మోడెమ్‌లు వచ్చాక ఆ కోరికకు పని లేకపోయింది. ఖాళీపడిన తీగ ‘నేను స్వీకరించగలను’ అనే కొత్త మాట మోయసాగింది. ఐటీయూ వి.24 సిఫారసు దీన్ని 133వ సర్క్యూట్‌గా వేరుచేసి ‘రెడీ ఫర్ రిసీవింగ్’ అని పేరు పెట్టింది. కనెక్టర్ పటాల్లో మాత్రం పాత పేరే మిగిలింది.

తరగతి గదుల్లో నేటికీ వినిపించే ‘కోరిక–అనుమతి’ వివరణపైనే నా అభ్యంతరం. ఆ వివరణ విన్న విద్యార్థి, ఆర్‌టీఎస్‌ను తన వైపే సీటీఎస్‌తో కలిపేసి, మూడు తీగలతో మోడెమ్‌ను నడపడం నిరపాయమని భావిస్తాడు. అడిగినవాడే తనకు తాను అనుమతి ఇచ్చుకోవడం ఇది. తీగ మోడెమ్‌తో కొన్నాళ్లు సాగినా, రేడియో మార్గం వేగం క్షణక్షణం మారుతుంది కనుక వైర్‌లెస్ మోడెమ్‌తో ఇది సాగదు. సెకనుకు 115200 బిట్ల వేగంలో, బైటుకు 10 బిట్ల చొప్పున, కంప్యూటర్ 11,520 బైట్లు పంపగలదు. గాలిమార్గం అప్పుడు 2,500 బైట్లే మోస్తోందనుకుందాం. 4,096 బైట్ల బఫర్ అర సెకనులోపే నిండుతుంది. అప్పుడు మోడెమ్ సీటీఎస్‌ను దించుతుంది, కాని చూసేవారు లేరు. కంప్యూటర్ పీపీపీ వాడుతుంటే తప్పిన ఫ్రేమును టీసీపీ మళ్లీ పంపిస్తుంది, మార్గం మందగిస్తుంది. టీసీపీ మోడెమ్ లోపలే ఉంటే, దాన్ని చేరకముందే పోయిన బైట్ల సంగతి ఎవరికీ తెలియదు.

ఎక్స్‌ఆన్, ఎక్స్‌ఆఫ్ అక్షరాలతో ఆపుకోవచ్చునన్న వాదన పాఠ్య సందేశాల వరకే నిలుస్తుంది. బైనరీ దత్తాంశంలో 17, 19 విలువలు సహజంగానే వస్తాయి.

తక్కిన పేర్లదీ ఇదే దారి. చాలా వైర్‌లెస్ మోడెమ్‌లలో డీసీడీ తరంగాన్ని కాక, దత్తాంశ సంబంధం ఏర్పడిందని సూచిస్తుంది. మోగే గంట కోసం పుట్టిన ‘రింగ్ ఇండికేటర్’ కొన్నింటిలో ఎస్‌ఎంఎస్ వచ్చినా మోగుతుంది (‘నూనె’ పోలిక దీనికి చక్కగా అతుకుతుంది).

ఈ గందరగోళాన్ని నిజాయితీగా ఎదుర్కొన్న పాఠం 3జీపీపీ 27.010 మల్టీప్లెక్సర్ ప్రమాణం. ఒకే తీగపై అనేక ఛానెళ్లను నడిపే అది, ఒక్కొక్క ఛానెల్ స్థితిని ‘రెడీ టు కమ్యూనికేట్’, ‘రెడీ టు రిసీవ్’ వంటి బిట్లలో చెబుతుంది. ఆ బిట్లు కంప్యూటర్‌ను చేరాక మళ్లీ సీటీఎస్‌గా, డీఎస్‌ఆర్‌గా పాత పేర్లనే ధరిస్తాయి.