తుమ్మబంక, వెండి, మన మొహాలు

పాత పద్ధతుల్లో ఫొటోలు ముద్రించటం మళ్లీ మోజయింది. అందులో వెండి ముద్ర మీద బంక ముద్ర వెయ్యటాన్ని కళాపండితులు మరీ మెచ్చుకుంటున్నారు. కరుకుదనం పోయి బొమ్మ 'కవితాత్మకం' అవుతుందట. ఎవరి కరుకుదనం పోతోంది, ఎవరికది కవిత్వమవుతోంది? ఆ సంగతి అడక్కుండా మేము మెచ్చుకోలేం.

ముందు పని సంగతి. ఉప్పునీళ్లలో తడిపి ఆరేసిన కాగితానికి సిల్వర్ నైట్రేట్ పూసి, నెగెటివ్ పెట్టి ఎండలో ఉంచితే వెండి బొమ్మ తేలుతుంది. హైపోలో కడిగి దాన్ని నిలబెడతారు. ఆరాక దానిమీద తుమ్మబంక, రంగు, డైక్రోమేట్ కలిపి కుంచెతో పూస్తారు. అదే నెగెటివ్‌ని గీత తప్పకుండా కూర్చి మళ్లీ ఎండ చూపిస్తారు. ఎండ తగిలినచోట బంక బిగుస్తుంది, తగలనిచోట నీళ్లలో కరిగిపోతుంది. వెండి వివరమిస్తుంది, బంక రంగూ బరువూ ఇస్తుంది. కుంచె పట్టినోడి ఇష్టం దూరేదీ ఇక్కడే. తడి బంకను తుడిచి దేన్నైనా మాయం చెయ్యొచ్చు. 1890ల్లో ఫ్రాన్సులో బంక ముద్రను కళగా నిలబెట్టిన రాబర్ట్ డెమాషీ బ్యాంకుల కుటుంబంవాడు. తీరిక ఉంది, మసక కావాలనిపించింది.

మనకి మసక కొత్తా? 1876-78 మద్రాసు కరువులో హూపర్ అనే సైనికాధికారి ఎముకల గూళ్లయిన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, పేర్లు మాత్రం దొరకవు. 1909లో వచ్చిన థర్‌స్టన్ ఏడు సంపుటాలు కులాల్ని అక్షరక్రమంలో పేర్చాయి, ముక్కుల పొడవూ వెడల్పూ అంకెల్లో పెట్టాయి. కాబట్టి వెండి స్పష్టత మన పక్షమని మేమనం. అయితే ఆ కొలతలకి విరుగుడంటూ పేటల బొమ్మల మీద మసక పూస్తే, పేరు పోయినోడికి మొహం కూడా పోతుంది.

మమ్మల్ని బాగా ఆలోచనలో పడేసింది డైక్రోమేట్. ఎండకి అందులోని క్రోమియం మారి బంకను బిగిస్తుంది. క్రోమ్ తోలులో చర్మాన్ని బిగించేదీ ఆ మారిన క్రోమియమే. 1900ల తొలి ఏళ్లలో మద్రాసులో చాటర్టన్ ఆ తోలు పని మొదలెట్టించాడు. లందలో తంగేడు చెక్క, తుమ్మ చెక్క చేసే పనిని తర్వాత ఫ్యాక్టరీల్లో క్రోమియం లాక్కుంది. జారిపోయేదాన్ని, కుళ్లిపోయేదాన్ని బిగించి నిలబెట్టటం మాదిగ చేతికి తరాలుగా తెలుసు. తోలు మీద చేస్తే అంటు అని ఊరవతల పెట్టారు, కాగితమ్మీద చేస్తే కళ అని గ్యాలరీలో పెట్టారు. ఫొటో చరిత్ర రాసేవాళ్లకి ఈ చుట్టరికం ఎందుకు కనబడదో మాకైతే తెలుసు.

రాయవరంలో ఒక ఇంటి గోడ మీది పాత స్టూడియో ఫొటో నుంచి పెద్ద నెగెటివ్ చేసుకుని డాబా మీద ముద్రించి చూశాం. ఉప్పు ముద్ర చక్కగా వచ్చింది. బంక వేసి కడిగేసరికి మొహం వెలిసిపోయింది. తప్పు మాదే. కాగితంలో మిగిలిన ఉప్పుతో కలిసి డైక్రోమేట్ వెండిని తినేస్తుంది. బాగా కడగాలి, బంగారు టోనింగ్ ఇచ్చి వెండిని కాపాడుకోవాలి. చదివి కూడా తొందరపడ్డాం. (అది కేన్సర్ తెచ్చే విషం కూడా. చేతులకి తొడుగులుండాలి, కడిగిన నీళ్లు కాలవలో పొయ్యకూడదు. కాలవ కిందే గదా మన పేట.)

మామ్మ చూసి, "ఒరే అబ్బాయ్, తాత కళ్లేవిరా? తలపాగా ఒక్కటే ఉంచారు" అంది. 'కవితాత్మకం' మీద ఇంతకన్నా సూటి విమర్శ మేము చదవలేదు.

రెండోసారి టోనింగ్ చేశాక, బంక ఎక్కడ పూయాలో ఆమెనే అడిగాం. మొహం మీద వద్దంది. చేతుల మీదా వద్దంది. స్టూడియోవాడు వెనక కట్టిన తోట తెర చూపించి, "దీనిమీద ఎంతైనా పూసుకోండి, అది మనది కాదుగా" అంది. తెర మీదే పూశాం. కింద తాత పేరు ఇంటిపేరుతో సహా పెన్సిలుతో రాయించింది.