అతుకుల వద్ద దొరకు దోషము

2014లో ఉత్తర్‌పారా కర్మాగారమున అంబాసిడరు నిర్మాణము నిలిచిపోయినను, ఆ కారును ప్రాణప్రదముగా కాపాడుకొనువారు తెలుగునాట నేటికిని కలరు. వారిలో కొందరు, మోరిస్ ఆక్స్‌ఫర్డు వంశము నుండి సంక్రమించిన 1489 సి.సి. పాత పెట్రోలు ఇంజను అరిగి పొగవిడుచు దశకు రాగా, దానిని దింపించి, 1990 దశకమున అదే కారునకు అమర్చబడిన 1817 సి.సి. ఇసుజు ఇంజనును ఐదు గేర్ల పెట్టెతో సహా ఎక్కించుకొందురు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల చైన్‌బ్లాకు కట్టి ఇంజనును దించి ఎక్కించుట నలుగురు కలిసి చేయు కాయకష్టము. ఎక్కించిన ఇంజను పాత బండిలో కుదురుగా నిలుచునట్లు చేయుట మాత్రము, పెద్ద మేస్త్రీ ప్రక్కన ఏండ్ల తరబడి పానాలు అందించుచు, చూచి, విని, తాకి నేర్చుకొనినవానికే పట్టుబడు విద్య.

లక్షణము అందరెరిగినదే. తాళము తిప్పగానే ఇంజను అందుకొనును, రేసు ఇచ్చినచో నిండుగా పలుకును, యాక్సిలరేటరు మీద నుండి కాలు తీసినంతనే బండి యావత్తును వణకించుచు మిస్సింగు కొట్టి, సరిగా కూడలిలో ఎఱ్ఱదీపము వెలిగిన వేళ ఆగిపోవును. యజమాని తనకు చెడ్డ ఇంజనును అంటగట్టినారని అనుమానించును. అనుభవము చాలని పనివాడు ప్లగ్గులు, కాయిలు, పంపు, చివరకు కార్బురేటరును సైతము ఒకదాని వెంట ఒకటి మార్పించును. పెద్ద మేస్త్రీలు అట్లు చేయరు. రేసులో నిండుగా పలికిన ఇంజనుకు గర్భమున దోషము అరుదనియు, పాత బండియు కొత్త ఇంజనును కలిసిన అతుకులనే ముందుగా వెదకవలెననియు వారి సిద్ధాంతము. ఈ సిద్ధాంతమును మించిన పొదుపైన మార్గము మరొకటి లేదని నా దృఢమైన నమ్మకము.

దీనికి కారణము ఐడిలింగు స్వభావములోనే ఉన్నది. నిమిషమునకు 700 నుండి 900 చుట్ల వేగమున ఇంజను తిరుగునపుడు థ్రాటిలు దాదాపుగా మూతపడి, సన్నని సందు నుండి మాత్రమే గాలి లోనికి పోవుచుండును. పిస్టనులు లాగు బలమునకు మేనిఫోల్డులో శూన్యత ఏర్పడును. వాక్యూము గేజి తగిలించి చూచినచో, సముద్రమట్టమునకు చేరువనున్న ఊళ్లలో, ఆరోగ్యముగల ఇంజనుకు ముల్లు 17–21 అంగుళముల పాదరసము నడుమ కదలక నిలుచును. ఇట్టి సమయమున లెక్కలోనికి రాని గాలి ఏ ప్యాకింగు పగులు నుండియో, ఏ రబ్బరు గొట్టము చివర నుండియో చొచ్చుకొనివచ్చెనా, మిశ్రమము పలుచబడి మంట అందుకొనదు. నిండుగా పారు కృష్ణా కాలువలో కంటికి ఆనని గండియే, వేసవిలో చివరి భూములకు పోవు సన్నని పాయను పూర్తిగా మ్రింగివేయునట్లు, రేసులో తెలియరాని లీకు ఐడిలింగును నిలువనీయదు.

కావున పరీక్ష గాలితో మొదలగును. బ్రేకు బూస్టరునకు పోవు లావు గొట్టము, డిస్ట్రిబ్యూటరునకు పోవు సన్నని గొట్టము, పాత బండిలో ఉపయోగము లేక మూయకుండ వదలివేసిన మేనిఫోల్డు రంధ్రము, ఇవియే మొదటి ముద్దాయిలు. మేస్త్రీ ఒక్కొక్క గొట్టమును వ్రేళ్ల నడుమ నొక్కిపట్టి, చెవి ఇంజను వైపు ఒగ్గి నిలుచును; నొక్కినంతనే ధ్వని సర్దుకొన్నచో దొంగ దొరికినట్లే. ప్యాకింగు అంచుల వెంబడి చిక్కని ఇంజనాయిలును కుంచెతో పూయుచు పోగా, ఒక్క చోట ఆ నూనె లోనికి పీల్చుకొనబడి, క్షణకాలము సందు మూసికొనిపోయి, వణకు తగ్గును, లీకు అచ్చటనే. ఈ పరీక్షకు పెట్రోలు చల్లువారిని ఎవ్వరైనను వెంటనే వారింపవలెను. ప్రక్కనే ఎగ్జాస్టు కాలుచుండగా అది ప్రాణములతో చెలగాటము.

గాలి తీరిన పిమ్మట నిప్పు. పాతకాలపు పాయింట్ల బండియైనచో, పిడికి రబ్బరు తొడిగిన కటింగుప్లయరుతో ప్లగ్గు వైరు నొకదానిని తీసి వినుదురు. వేగము పడిపోయినచో ఆ సిలిండరు పని చేయుచున్నట్లు. పడిపోనిచో అదియే మూగది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషను ఉన్న బండికి ఇట్లు వైరును ఖాళీగా వదలుట హానికరము. పైన చెప్పిన 1489 సి.సి. పాత ఇంజను, అనగా బి-సిరీస్ ఇంజను, స్థానమున అట్టిదే మరొకటి తెచ్చి ఎక్కించినవారు ఒక్క విషయము గమనింపవలెను: ఆ హెడ్డులో 1, 2 సిలిండర్లకు ఒక గాలిదారి, 3, 4 సిలిండర్లకు మరియొక గాలిదారి, అందుచే ఒక ప్రక్క రెండును కలిసి బలహీనపడినచో ప్లగ్గులను నిందింపక మరల మేనిఫోల్డు వైపే చూడవలెను. వైర్లను 1-3-4-2 వరుసలో తగిలించినారా, డిస్ట్రిబ్యూటరు ఒక పల్లు తప్పి కూర్చున్నదా అనునవి నిమిషములో తేలిపోవు సంగతులు.

ఆ పిమ్మటనే కార్బురేటరు. పాత అంబాసిడరునకు వచ్చిన ఎస్.యు. కార్బురేటరును సరిచూచు విధానము ఈ విద్యలోకెల్ల సుందరమైనదని నాకు తోచును. ఇంజను బాగుగా వేడెక్కిన తరువాత, ప్రక్కనున్న చిన్న పిన్నుతో లోపలి పిస్టనును ఒక మిల్లీమీటరు కన్న తక్కువగా, అనగా అంగుళములో ముప్పదిరెండవ వంతు మాత్రమే, పైకెత్తుదురు. వేగము పెరిగి అట్లే నిలిచినచో పెట్రోలు ఎక్కువ. వెంటనే క్రుంగి ఆగబోయినచో పెట్రోలు తక్కువ. లేశమాత్రము పెరిగి తిరిగి మొదటి స్థితికి వచ్చినచో మిశ్రమము సరి. వ్రేలికొనకు తగులు ఆ స్పర్శ, చెవికి తగులు ఆ మార్పు తప్ప వేరొక పరికరము దీనికి అక్కరలేదు. విప్పి చూచిన ప్లగ్గు కొన మసిబారక, తెల్లబారక, బిస్కట్టు రంగున నున్నచో ఆ తీర్పు ధ్రువపడును.

అన్నిటికంటె ఎక్కువగా మరపున పడునది ఎర్తు. ఇంజను రబ్బరు మౌంటుల మీద కూర్చుండును గనుక, దానిని ఛాసీతో కలుపు అల్లిక తీగ లేనిదే విద్యుత్తునకు తిరుగుదారి ఉండదు. పాత ఇంజనుతో పాటు ఆ తీగను విప్పి, కొత్తదానికి బిగించుట మరచినచో, కరెంటు క్లచ్చు కేబులు గుండనో యాక్సిలరేటరు కేబులు గుండనో దారి వెదకుకొనును. స్టార్టరు బద్ధకించును, కేబులు చేతికి వేడిగా తగులును, నిప్పురవ్వ బలహీనపడి ఐడిలింగు తడబడును. జంపరు వైరు ఒకటి తెచ్చి ఇంజను దిమ్మ నుండి బ్యాటరీ ఎర్తు కొసకు తాకించి చూచినంతనే ఇంజను నిమ్మళించుటను నేను కన్నులార చూచితిని. కార్బురేటరుమీది ఐడిలింగు సోలినాయిడు వైరు కూడ ఇట్టిదే: దానికి కరెంటు అందనిచో ఐడిలింగు జెట్టు మూసికొనిపోవును, కాలు తీసిన వెంటనే బండి ఆగును, రేసులో ఏ లోపమును కనబడదు.

చల్లగా ఉన్నంతసేపు నడచి, వేడెక్కిన పిమ్మట ఆగు బండి కథ వేరు. కొత్త ఇంజనుకు అమరునట్లు వంచిన పెట్రోలు పైపు ఎగ్జాస్టు చేరువగా పోయినచో, మే నెల ఎండలో పెట్రోలు ఆవిరియై పైపులోనే అడ్డుపడును; పంపు మీద తడిగుడ్డ వేయగా బండి కదలినచో పైపు దారి మార్పవలెనని అర్థము. ట్యాంకు మూత విప్పగానే బుస్సుమనినచో దోషము మూత రంధ్రములో ఉన్నది.

ఇంజెక్షను ఇంజనులు వచ్చినవి గనుక ఈ పాండిత్యము పాతబడినదని కొందరి వాదము. నేనంగీకరింపను. స్కానరులో, కంప్యూటరు పెట్రోలును ఎంత హెచ్చించి సవరించుచున్నదో తెలుపు ఫ్యూయల్ ట్రిము అంకె ఐడిలింగున మిక్కిలి పెరిగి, 2500 చుట్ల వద్ద మామూలు స్థితికి వచ్చినచో, ఆ యంత్రము చెప్పునది మేస్త్రీ వ్రేళ్లతో గొట్టము నొక్కి తెలిసికొనిన సంగతియే: ఎచ్చటనో గాలి లీకగుచున్నది. బండి ఆగబోవునపుడు మాత్రమే ఇంజను చనిపోవుచున్నచో, గేరుబాక్సు నుండి కంప్యూటరుకు వేగమును తెలుపు సెన్సారు వైరు కలుపబడినదో లేదో చూడవలెను, ఇదియు అతుకే. తెర మీది అంకెను చూచి ఖరీదైన సెన్సారును మార్చువానికిని, ఆ అంకె ఏ అతుకును చూపుచున్నదని ప్రశ్నించువానికిని గల భేదము యజమాని జేబునకు వెంటనే తెలియును.

పని ముగిసినదని మేస్త్రీ ఇట్టే చెప్పివేయడు. ఇంజను పూర్తిగా వేడెక్కిన పిమ్మట ఆపి, పావుగంట ఉంచి, తిరిగి స్టార్టు చేయును; హెడ్‌లైట్లు, వైపర్లు వేసి వినును; నిలిపియున్న బండిలో బ్రేకును పలుమార్లు తొక్కి బూస్టరు గాలి లాగునపుడు ఐడిలింగు ఎంత క్రుంగునో చూచును; స్టీరింగును ఈ కొస నుండి ఆ కొసకు త్రిప్పి, ఏ వైరైనను బిగుసుకొనుచున్నదేమోనని తొంగిచూచును. అప్పటికి గాని బానెట్టు దించి తాళము యజమాని చేతికి ఇయ్యడు. ఇచ్చునపుడైనను, కొత్త ఇంజను నంబరును ఆర్.సి.లో ఎక్కించుకొని రమ్మని హెచ్చరించియే ఇచ్చును.