బాణపు గుర్తుకు సాక్ష్యమేది?
(మోరిసన్, బోయిడ్‌ల కర్బన రసాయన గ్రంథంపై విమర్శ)

పరీక్షలకు చదువుకునే విద్యార్థి గదిలో గోడమీద ఒక పట్టిక వ్రేలాడుతూ ఉండటం మామూలే. ఎడమప్రక్క ఆల్కీన్, కుడిప్రక్క ఆల్కహాల్, నడుమ ఒక బాణం, బాణం మీద కారకం పేరు. ఆ బాణం గీయడానికి సాక్ష్యమేమిటి అన్న ప్రశ్నకు పట్టికలో చోటుండదు. న్యూయార్క్ విశ్వవిద్యాలయపు ఆచార్యులు రాబర్ట్ మోరిసన్, రాబర్ట్ బోయిడ్ 1959లో ప్రకటించిన ‘ఆర్గానిక్ కెమిస్ట్రీ’ విలువంతా ఆ ప్రశ్నను వదలకుండా అడగటంలోనే ఉన్నది. ఇంటర్మీడియట్ చదువుతూ ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షకు సిద్ధమయ్యే మన విద్యార్థులు ఈ గ్రంథం పేరు ఎరుగుదురు. అయితే దానిని తెరిచేది తరచు అధ్యాయం చివరనున్న లెక్కల కోసం. అసలు సరుకు అంతకు ముందు పుటలలో ఉన్నది.

మీథేన్ అధ్యాయాన్నే చూడవచ్చు. మీథేన్, క్లోరిన్ కలిసి మిథైల్ క్లోరైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ ఇస్తాయి. ఒక్క వాక్యంలో ముగిసే సంగతి ఇది. గ్రంథకర్తలు అక్కడ ఆగి, ప్రయోగశాలలో కనిపించిన విషయాలను వరుసగా ముందు పెడతారు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద చీకటిలో చర్య జరగదు. చీకటిలోనే అయినా 250 డిగ్రీల సెంటీగ్రేడు దాటితే జరుగుతుంది. అతినీలలోహిత కాంతి సోకితే వేడి చేయకుండానే జరుగుతుంది. అప్పుడు పీల్చుకున్న ఒక్కొక్క ఫోటాన్‌కు వేలకొలది మిథైల్ క్లోరైడ్ అణువులు తయారవుతాయి. కొద్దిపాటి ఆక్సిజన్ ఉంటే చర్య కొంతసేపు మందగించి, ఆ తరువాత తిరిగి పుంజుకుంటుంది.

ఈ అయిదింటినీ ఒకే కథ చెప్పించాలి. వేడి గాని కాంతి గాని క్లోరిన్ అణువును రెండు పరమాణువులుగా చీలుస్తుంది. ఒక క్లోరిన్ పరమాణువు మీథేన్ నుండి హైడ్రోజన్‌ను లాగుకుని మిథైల్ స్వేచ్ఛా ప్రాతిపదికను మిగులుస్తుంది. అది మరొక క్లోరిన్ అణువును తాకి మిథైల్ క్లోరైడ్‌గా మారుతూ, కొత్త క్లోరిన్ పరమాణువును విడుదల చేస్తుంది. ఇది గొలుసు. ఒక ఫోటాన్‌కు వేల అణువులెందుకో ఇప్పుడు తెలుస్తుంది. ఆక్సిజన్ సంగతీ తేలుతుంది: అది మిథైల్ ప్రాతిపదికతో కలిసి చురుకుదనం లేని మరొక ప్రాతిపదికగా మారుతుంది, ఒక్క ఆక్సిజన్ అణువు ఒక గొలుసును తెంపితే, తయారు కావలసిన వేల అణువులు ఆగిపోతాయి. ఉన్న ఆక్సిజన్ ఖర్చయిన తరువాత చర్య మామూలుగా సాగుతుంది.

గ్రంథం ఇంతటితో తృప్తిపడదు. తెలివైన విద్యార్థి ఒకడు లేచి, క్లోరిన్ పరమాణువు హైడ్రోజన్‌ను ఎందుకు లాగుకోవాలి, నేరుగా కర్బనానికే అతుక్కుని హైడ్రోజన్ పరమాణువును బయటికి నెట్టరాదా అని అడగవచ్చు. ఆ హైడ్రోజన్ పరమాణువు మరొక క్లోరిన్ అణువును తాకితే అదీ గొలుసే! కాగితం మీద ఈ కథకు లోటు లేదు. బాణాలు ఎటైనా గీయవచ్చు. దీనిని తోసిపుచ్చేది బంధశక్తుల లెక్క. మీథేన్‌లో కర్బన, హైడ్రోజన్ బంధాన్ని తెంచటానికి మోల్‌కు 104 కిలోకాలరీలు కావాలి. హైడ్రోజన్ క్లోరైడ్ బంధం ఏర్పడితే 103 తిరిగి వస్తాయి. కర్బన, క్లోరిన్ బంధం ఏర్పడితే 84 మాత్రమే. మొదటి దారిలో నష్టం 1, రెండవ దారిలో 20. ఉత్తేజన శక్తి ఈ నష్టం కంటె తక్కువగా ఉండటానికి వీలులేదు. మొదటి దారికి నిజంగా కావలసినది సుమారు 4 కిలోకాలరీలే కాబట్టి, రెండవ దారిన పోయే అణువులు లెక్కలోనికి రావు. చర్యా విధానమంటే ఇంతవరకు ఓడిపోని ఊహ అన్న సంగతి ఇంత చిన్న ఉదాహరణతో బోధపరచిన పాఠ్యగ్రంథాలు అరుదు.

మార్కోవ్నికోవ్ నియమం దగ్గర కూడా ఇదే తీరు. ప్రొపిలీన్‌కు హైడ్రోజన్ బ్రోమైడ్ సంకలనమైతే, హైడ్రోజన్లు ఎక్కువగా ఉన్న కర్బనానికే హైడ్రోజన్ చేరుతుందని మన పిల్లలు వల్లిస్తారు. పెరాక్సైడ్ ఉంటే తలక్రిందులవుతుందని ఒక మినహాయింపును కూడా వల్లిస్తారు. కారణమడిగితే ‘పెరాక్సైడ్ ఉంది గనుక’ అంటారు! 1933లో ఖరాష్, మేయో తమ ప్రయోగాలతో తేల్చేవరకు ఈ సంకలనం గురించి రసాయనవేత్తల నివేదికలు ఒకదానికొకటి పొసగలేదు. పెరాక్సైడ్ లేనప్పుడు ముందుగా చేరేది ప్రోటాన్. ఉన్నప్పుడు ముందుగా చేరేది బ్రోమిన్ పరమాణువు. రెండు సందర్భాలలోను, ముందు వచ్చినది చివరి కర్బనానికే అతుక్కుంటుంది, ఎందుకంటే అప్పుడు నడుమ ఏర్పడే అయాన్ గాని ప్రాతిపదిక గాని ఎక్కువ స్థిరమైనది. నియమమూ మినహాయింపూ ఒకే కారణానికి రెండు ముఖాలని గ్రంథం చూపుతుంది. ఈ భాగం చదివిన ఉపాధ్యాయుడు ఆ రెంటినీ మళ్ళీ వేర్వేరు పేజీలలో వ్రాయించలేడు.

లోపాలు లేకపోలేదు. వెయ్యి పుటలు మించిన గ్రంథమిది. ప్రారంభపు అధ్యాయాలలోని వాదన పటుత్వం చివరిదాకా నిలువలేదు. తయారీ పద్ధతులు వరుసగా వచ్చే చోట్ల ఇదీ గోడమీది పట్టికను తలపిస్తుంది. కార్బొనిల్ సమ్మేళనాలు దాదాపు సగం పుస్తకం గడిచిన తరువాత గాని రావు. రంగులు, సువాసనలు, చక్కెరలు అన్నిటికీ ద్వారం వంటి ఆ ప్రకరణం కోసం కుర్రవాడు అంతకాలం ఎదురుచూడటం న్యాయం కాదు. పాత ముద్రణలలోని కిలోకాలరీలను నేటి కిలోజౌళ్ళలోకి 4.184తో గుణించి మార్చుకోవాలి. వీరిద్దరి ఆరవ ముద్రణ 1992 నాటిది. ఆల్కీన్‌ల మెటాథిసిస్‌కు 2005లోను, పల్లాడియంతో జరిపే సంధాన చర్యలకు 2010లోను నోబెల్ బహుమతులు వచ్చాయి. వాటి కోసం మరొక గ్రంథం తెరవక తప్పదు.

తరగతిలో దీనిని వాడదలచిన ఉపాధ్యాయునికి గ్రంథమంతా అక్కరలేదు. మీథేన్ అధ్యాయంలోని ఆ అయిదు విషయాలను నల్లబల్ల మీద వ్రాసి, పేజీ త్రిప్పకుండా ఒక పీరియడ్ ఆగితే చాలు. పిల్లలు కల్పించే కథలలో సగం ఆక్సిజన్ దగ్గరే కూలిపోతాయి. మిగిలిన సమయంలో అయొడిన్ లెక్క ఇవ్వవచ్చు: హైడ్రోజన్ అయొడైడ్ బంధశక్తి 71 కిలోకాలరీలు. 104లోనుండి తీసివేస్తే 33 వస్తుంది. మీథేన్‌తో అయొడిన్ ఎందుకు చర్య జరపదో అడగవలసిన పని ఇక ఉండదు.