సద్దు నణచు విద్య

తుపాకి సద్దు ఒక్కటి కాదు, మూడు. గొట్టమునందు మండిన మందునుండి పుట్టిన వేడివాయువులు మూతినుండి ఒక్కుమ్మడిగా వెలువడి బయటిగాలిని తాకుటచే గలుగు ఘోష మొదటిది. గుండు శబ్దమును మించిన వడితో, అనగా సెకండుకు సుమారు 340 మీటర్లకంటె వేగముగా పోవునపుడు, దారిపొడవునను గాలి చిట్లుటచే పుట్టు ఛటాత్కారము రెండవది. తుపాకిగుఱ్ఱము (సుత్తి) పడుట, బోల్టు కదలుట మొదలైన యంత్రభాగముల చప్పుళ్లు మూడవది. మదనపల్లె చెంతనున్న హార్సిలీ కొండల లోయలలో నొక తుపాకి పేలినచో, ఈ సద్దులు కలగాపులగమై, గట్టునుండి గట్టునకు ప్రతిధ్వనించి, పేల్చినవాడెచ్చట నున్నాడో వినువానికి బోధపడనీయవు. వీనిలో దేనిని అణపవచ్చును, దేనిని అణపజాలము అను వివేకమే ఈ విద్యకు మూలము. పాశ్చాత్యులు దానిని యంత్రమందు వెదకిరి. మదనపల్లె, పుంగనూరు, కుప్పము సీమల కొండవేటగాండ్రు నడకయందును గాలియందును వెదకిరి.

యంత్రపు కథ చిన్నది. 1909లో అమెరికాయందు హైరమ్ పెర్సీ మాక్సిమ్ అను నతడు తుపాకిమూతికి తగిలించు సైలెన్సరునకు పేటెంటు పొందెను. ఆతని తండ్రియే మరతుపాకిని నిర్మించిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. తండ్రి యుద్ధభూములను హోరెత్తించు సాధనమును లోకమున కొసగగా, తనయుడు తుపాకినోరు మూయుటకు పూనుకొనుట విధివిలాసమనక తప్పదు. ఆ యంత్రము పనిచేయు తీరు మన రాయలసీమ గొలుసుకట్టు చెరువులను జూచినవారికి సులభముగా బోధపడును. కొండవాగు ఒక్కసారిగా పొంగినచో ఊరు మునుగును. అదే నీరు మొదటి చెరువు నిండి, మరవపాఱి రెండవదానిలోనికి, దానినుండి మూడవదానిలోనికి చేరునపుడు, తుదకు కాలువలో మెల్లగా జారును. సైలెన్సరు లోపల వరుసగా నున్న అడ్డుబిళ్లలును, వాని నడిమి గదులును వాయువుల నట్లే నిలిపి, చల్లార్చి, ఒత్తిడి తగ్గించి విడుచును.

అయితే అది అణచునది మొదటి సద్దును మాత్రమే. పెద్ద రైఫిలు మోత 160 డెసిబెళ్లకు చేరును. 140 డెసిబెళ్ల మోత యొక్కమాఱు తాకినను చెవికి హాని కలుగవచ్చును. మంచి సైలెన్సరు సాధారణముగా 20 మొదలు 35 డెసిబెళ్లవఱకు తగ్గింపగలదు. సినిమాలలో ప్రతినాయకుడు పక్కగదివానికైన వినబడకుండ తుపాకి పేల్చుట కేవలము కల్ల. గుండు శబ్దవేగమును మించినంతకాలము దాని ఛటాత్కారము దానితోనే పయనించును. ఆ రెండవ సద్దును మాన్పవలెనన్న మందగతి తూటాలనే వాడవలెను, అవి వాడినచో గుండు బలమును, దూరమును తగ్గును. కావున చెవులను రక్షించుకొనుటకా, మృగమును బెదరనీయకుండుటకా, పొరుగువారి నిద్ర చెడకుండుటకా అన్నది ముందు తేల్చుకొని, పిమ్మట సాధనము నెన్నుకొనుట విజ్ఞుల పద్ధతి. అది గుండు వ్యాసమునకు సరిపోవలెను. గొట్టపు మరచుట్టు గొట్టపు రంధ్రముతో ఒకే సూటిలో నుండవలెను, లేనిచో గుండు లోపలి బిళ్లను తాకి యంత్రమును చీల్చును. కొండలెక్కువాడు బరువు తక్కువ గల టైటానియమును కోరును. పందెపు మైదానమున వరుసగా కాల్చువాడు వేడికి తాళు ఉక్కును కోరును. చిన్న .22 తుపాకికి వాడునది విప్పి శుభ్రపఱచుటకు వీలైనదిగా నుండవలెను, ఏలయన సీసపు మసి లోపల త్వరలో పేరుకొనును. మూతికి బరువు తగిలినంతనే గుండు తగులు చోటు మారును గావున గుఱిని మరల సరిచూచుకొనవలెను. పది తూటాలు కాల్చిన పిమ్మట సైలెన్సరునుండి లేచు వేడియావిరి దుర్భిణి యెదుట ఎండమావిని కల్పించి లక్ష్యమును కదలించి చూపును. ఫిన్‌లండు, నార్వే దేశములలో వేటగాడు దీనిని తగిలించుకొనుట పొరుగువారియెడ మర్యాదగా భావింతురు. అమెరికాలో 1934 చట్టము దీనిపై 200 డాలర్ల పన్ను విధించెను. మన దేశమున నీ చర్చయంతయు గ్రంథములకే పరిమితము, ఏలయన సద్దు తగ్గించు ఉపకరణములను మన ఆయుధ నియమావళి నిషిద్ధాయుధముల సరసనే నిలిపి, సామాన్యునకు అందనీయలేదు.

మాక్సిమ్‌నకు పేటెంటు దొరకిన ఆ 1909వ సంవత్సరముననే, ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి గారలు దక్షిణభారతపు కులములను, తెగలను గూర్చి ఏడు సంపుటములను మదరాసులో ప్రకటించిరి. బోయలు, యానాదులు, ఎఱుకలు, నక్కలవారు మొదలగు వేటజాతుల జీవనము వానియందు వర్ణితమైనది. నక్కలవారి నేర్పు నన్ను మిక్కిలి ఆశ్చర్యపఱచును. వారు నక్కను వెంబడింపరు, పిలుతురు. మునిమాపున వల పన్ని, పొదమాటున నొకడు కూర్చుండి నక్కవలె నూళవేయును. తన సీమలోనికి పరాయినక్క చొచ్చినదని తలచి అడవినక్క బదులు పలుకుచు వచ్చి వలలో పడును. ఇచ్చట సద్దు శత్రువు కాదు, ఎర. గౌజుపిట్టల వేటయు నట్టిదే: పెంపుడు గౌజును దీమముగా పంజరమందుంచి, చుట్టును సన్నని ఉచ్చు లమర్చి దూరముగా తొలగినచో, దీమము కూతకు రోషపడి అడవిగౌజు కయ్యమునకు వచ్చి కాలు తగిలించుకొనును. వేటగాని చేతినుండి చప్పుడు పుట్టవలసిన పనియే లేదు.

విల్లు పట్టినవాని సంగతి వేఱు. శ్రీకాళహస్తి శివభక్తుడైన తిన్నని వేటను ధూర్జటికవి వర్ణించిననాటికి ఈ సీమవారికి తుపాకికంటె వింటితోనే చెలిమి యెక్కువ. బాణము సెకండుకు ఏబది మీటర్ల ప్రాంతమున పోవును గావున ఘోషయు లేదు, ఛటాత్కారమును లేదు. నారిమోత యొక్కటే మిగులును. కాని ముప్పది మీటర్ల దూరమున నున్న జింకను ఆ నారిమోత సెకండులో పదవవంతు గడవకముందే చేరును, బాణమునకు అరసెకండు పైగా పట్టును. ఆ వ్యవధిలో జింక ఉలికిపడి వంగినచో బాణము వెన్నుమీదుగా పోవును. కావుననే విలుకానికి చేరువయే శరణ్యము. చేరువకు దారి గాలి.

పుంగనూరు చుట్టుపట్ల కొండలలో గాలి పగలొక తీరున, రేయొక తీరున వీచును. రాత్రియు వేకువను చల్లబడిన గాలి బరువై వాలువెంబడి దిగును. ఎండ ముదిరినకొలది వేడెక్కి మీదికెక్కును. వేకువను మృగమునకు దిగువనుండియు, పగటివేళ ఎగువనుండియు సమీపించినవాని వాసన దానికి సోకదు. పిడికెడు దుమ్మును జారవిడిచి గాలివాటమును జూచుట, మంచుకు మెత్తబడిన ఆకులమీద తెల్లవాఱుజాముననే నడక ముగించుట, ఎండిన పుల్ల విఱిగినచో అడుగు కదపక తీతువుపిట్ట అఱపు మానువఱకు నిలిచిపోవుట: ఇవన్నియు సద్దు నణచు విద్యలోని పాఠములే. పిమ్మట వచ్చిన నాటుతుపాకి ఈ పాఠములను మఱవనీయలేదు. మందు పోసి, గజముతో దట్టించి, కేపు పెట్టి కాల్చు తుపాకికి ఒక్కటే దెబ్బ. అది పొగతో, మోతతో అడవినంతను మేలుకొల్పును. అట్టి ఆయుధము గలవానికి కాల్పునకు ముందరి నిశ్శబ్దమే సర్వస్వము.

ఇంతటి మౌనమును సాధించిన ఈ సీమయే పంటచేలలో సద్దును దైవమువలె కొలుచును. చెనక్కాయ, రాగిచేలలో మంచె కట్టి, రాత్రులందు డబ్బాలు మ్రోగించి, కేకలు వేసి, పగలు వడిసెలతో రాళ్లు రువ్వి, అడవిపందులను, చిలుకలను తోలుట రైతునకు తప్పని పని. కుప్పము, పలమనేరుల అడవులలోనికి 1980ల దశకమున తమిళనాడు, కర్ణాటకములనుండి ఏనుగులు మరల రాగా, 1990లో కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. ఏనుగునకు టపాకాయల మోత మొదట భయము గొల్పును. కొన్ని నాళ్లకు అలవాటైపోవును. అది ప్రాణాపాయము కాదని గ్రహించిన గజము పొగలోనుండియే చేనిలోనికి నడచును. మోతను పెంచుకొనుచు పోవుటకంటె, వచ్చు దారిని ముందు తెలిసికొనుటయే మేలని అటవీశాఖవారును గ్రహించిరి. ఏనుగుల జాడ కనిపెట్టుటకు స్థానికులనే ట్రాకర్లుగా నియమించుచున్నారు. 2025లో కర్ణాటకమునుండి కుమ్కీలను, అనగా శిక్షణ పొందిన ఏనుగులను, రప్పించి పలమనేరు చెంత ముసలిమడుగులో శిబిరము నెలకొల్పిరి. కొమ్మ విఱుగు చప్పుడునుబట్టి మంద ఎంత దూరమున నున్నదో చెప్పగలవాడు, గాలివాటము నెఱిగి దానికి ఎదురుపడక తొలగగలవాడు, వెనుకటి వేటగాని విద్యనే వాడుచున్నాడు. ప్రాణము తీయుటకు పుట్టిన నేర్పు ప్రాణము కాచుటకు పనికివచ్చుట నాకు ఈ కథయందెల్ల ప్రియమైన ఘట్టము.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టము వేటను నిషేధించినది; పంది పంటను నాశనము చేసినను, అధికారి వ్రాతపూర్వకమైన యనుమతి లేనిదే దానిపై చేయి చేసికొనరాదు. చేని గట్టున విద్యుత్తీగ లాగుట, నాటుబాంబు పెట్టుట నేరమే కాక, పందికి పెట్టినది పొరుగువాని కొడుకును బలిగొనుటయు గలదు. గుఱి సాధింపవలెనను తహతహ గల యువకునకు మిగిలిన దారి గాలితుపాకి. 2012 లండన్ ఒలింపిక్సునందు పది మీటర్ల గాలితుపాకి పోటీలో హైదరాబాదువాడైన గగన్ నారంగ్ కాంస్యపతకము గెలిచిన క్రీడ అది. దాని 4.5 మిల్లీమీటర్ల గుండు శబ్దవేగములో సుమారు సగముతోనే పోవును, మండు మందు లేదు. అందువలన సైలెన్సరు అణచు ఘోష మిక్కిలి స్వల్పము, అణపలేని ఛటాత్కారము లేనేలేదు. చెవులకు రక్షణబిళ్లలు పెట్టుకొని, ఊపిరి సగము విడిచి నిలిపి, మీట మెల్లగా లాగుట నేర్చుకొన్నచో చాలును. ఆ తుపాకితోనే మామిడికొమ్మమీది చిలుకను గుఱిచూచినవానికి మాత్రము 1972 చట్టమే ఎదురగును.