తనంతట చార్జి అగు కారు

హైబ్రిడ్ కారు ‘తనంతట తానే చార్జి అగును’ అను ప్రకటన, ప్లగ్గు అక్కరలేదన్నంతవరకే నిజము. సాధారణ కారులో 12 వోల్టుల బ్యాటరీ ఇంజనును స్టార్టు చేయును. ఆల్టర్నేటరు దానిని చార్జి చేయును. 2003లో వెలువడిన టయోటా ప్రియస్‌లో దీనికితోడు 201.6 వోల్టుల బ్యాటరీ చక్రములు త్రిప్పు మోటారును నడుపును. బ్రేకు వేసినపుడు ఆ మోటారే జనరేటరై, వేడిగా వృథా కావలసిన చలనశక్తిలో కొంత బ్యాటరీకి చేర్చును. కాని ఆ చలనశక్తి ఎక్కడిది? పెట్రోలుదే. ఏలూరు బజారులో మాటిమాటికి ఆగు కారుకు ఇది లాభమే. తాడేపల్లిగూడెం వైపు రహదారిపై ఆగక సాగునపుడు బ్రేకువలన దక్కునది స్వల్పము. 2020లో నార్వే వినియోగదారుల సంస్థ ఇట్టి ప్రకటన తప్పుదారి పట్టించునని నిర్ణయించినది. శక్తి నిత్యత్వ నియమమును బోధించు ఉపాధ్యాయులు ఈ ప్రకటననే విద్యార్థుల ముందుంచి పరీక్షింపజేయుట మేలు.