సీటు దొరికిన తరువాత

పిల్లల ఎ-లెవెల్ ఫలితాలు వచ్చే రోజుల్లో మన ఇళ్ళలో ‘మెరిట్’ అన్న మాట తరచు వినిపిస్తుంది. గిడ్ల సుజాత గారు ఇంగ్లీషులో రాసిన ‘యాంట్స్ అమాంగ్ ఎలిఫెంట్స్’ (2017) చదివాక ఆ మాట నా నోట అంత సులువుగా రావడం లేదు.

రచయిత్రి మేనమామ కె.జి. సత్యమూర్తి, మనకు ‘శివసాగర్’గా తెలిసిన కవి, 1980లో పీపుల్స్ వార్ స్థాపకుల్లో ఒకరు. చాలామంది ఆ ఉద్యమం కోసమే ఈ పుస్తకం పడతారు. నన్ను పట్టుకున్నవి మాత్రం కాలేజీ ఘట్టాలు. గుంటూరు ఎ.సి. కాలేజీలో ఆయనకు సీటుంది. చేతిలో డబ్బు లేదు, కడుపులో తిండి లేదు. చెల్లెలు మంజుల, అంటే రచయిత్రి తల్లి, కాశీ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదివి లెక్చరరయినా కులమూ, డబ్బు ఇబ్బందీ ఆమెను వదల్లేదు. చదువుతో గట్టెక్కినట్టే అని మనం ఊపిరి పీల్చుకునే చోట రచయిత్రి కథ ఆపదు. అదే ఈ పుస్తకం బలం.

లోపాలు లేకపోలేదు. సంభాషణలు ఇంగ్లీషులో పలచబడ్డాయి. మన కృష్ణా జిల్లా యాస చెవిన పడదు. తన సొంత వరంగల్ ఆర్.ఇ.సి. రోజులకు రచయిత్రి తగినంత చోటివ్వలేదు.

చదువుతుంటే మా మెడికల్ హాస్టల్ గుర్తొచ్చింది. స్కాలర్‌షిప్పు ఏడాది చివర ఎప్పుడో వచ్చేది. ఈలోగా మెస్ బాకీదారుల పేర్లు నోటీసుబోర్డు ఎక్కేవి. ఎప్పుడూ ఆ నలుగురి పేర్లే. మేం చదువుకుంటూ నవ్వుకునేవాళ్ళం. నేనూ నవ్వాను. పరీక్షల్లో వాళ్ళకంటే నాకు ఎక్కువ మార్కులొచ్చాయి, నిజమే. మూడు పూటలా తిని రాసిన మార్కులు.

ఇది ఆంధ్రదేశపు సంగతే కాదు. అంబేద్కర్ అంతటివారు 1917లో బరోడా ఉపకార వేతనం గడువు తీరి, ఈ లండన్‌లోనే ఎల్.ఎస్.ఇ. చదువు మధ్యలో వదిలి వెళ్ళారు. 1920లో తిరిగివచ్చి, 1923లో డి.ఎస్‌సి. పుచ్చుకున్నారు. 2018లో బ్రిటిష్ ప్రభుత్వం సమానత్వ చట్టంలో కులాన్ని విడిగా చేర్చనక్కర్లేదని తేల్చినప్పుడు మనలో కొందరు హమ్మయ్య అనుకున్నారు. ఎందుకో వారే చెప్పాలి.

మన సంఘం ఏటా ఊళ్ళో కాలేజీకి పంపే బహుమతి మొదటి ర్యాంకుకు పోతోంది. ఈసారి కార్యవర్గ సమావేశంలో ఆ సొమ్ము జూన్‌లోనే, మెస్ బాకీలకు జమకట్టమని ప్రతిపాదించబోతున్నాను. పుస్తకం నా దగ్గరుంది. సమావేశానికి ముందు కావలసినవారు పట్టుకెళ్ళవచ్చు.