గరుకుతనమూ, జిగురు బలమూ

బాల్సా కొయ్యతో నమూనా విమానాలు కట్టే వారిలో ఒక పాత సలహా చేతులు మారుతూ వస్తున్నది: అతికించబోయే ముఖాలను ఉప్పు కాగితంతో గరుకు చేస్తే జిగురు గట్టిగా పట్టుకుంటుందని. ఎన్.సి.సి. వైమానిక విభాగపు శిక్షణలో నమూనా విమానాల తయారీ ఒక భాగం గనుక, ఈ విషయం మన ఉన్నత పాఠశాలలకు దూరమైనది కాదు. సలహాలో సగం సబబే. కాని అందుకు చెప్పే కారణం తప్పు. ఆ కారణాన్ని నమ్మి విద్యార్థి ముతక కాగితం అందుకుంటే, ఎగిరే వేళ రెక్క మొదట విడిపోయేది ఆ అతుకు దగ్గరనే.

జిగురు గరుకు ముఖంలోని గుంటలలో దిగి, గట్టిపడి, కొక్కెం వలె పట్టుకుంటుందని సామాన్యంగా అనుకుంటారు. ఇది కేవలం పామరుల ఊహ కాదు. 1925లో మెక్‌బెయిన్, హాప్కిన్స్ అనే శాస్త్రజ్ఞులు కొయ్య వంటి రంధ్రమయ పదార్థాలలో ఇటువంటి యాంత్రికమైన పట్టు ఉన్నదని వాదించారు. అయితే వారు చెప్పిన రంధ్రాలు కొయ్యలో పుట్టుకతోనే ఉన్నవి. ఉప్పు కాగితం గీసిన గీతలు కావు. పైగా జిగురుకూ కొయ్యకూ మధ్య ముఖ్యమైన బంధం అణువుల ఆకర్షణ. ఈ ఆకర్షణ అత్యల్ప దూరంలోనే పనిచేస్తుంది. కాబట్టి ద్రవంగా ఉన్న జిగురు కొయ్యను పూర్తిగా తడిపి, దానిని అంటిపెట్టుకొని ఉండాలి.

ముతక కాగితం చేసే పని ఇందుకు విరుద్ధం. బాల్సా సాంద్రత సుమారుగా ఘనమీటరుకు 160 కిలోగ్రాములు, అంటే నీటిలో ఆరవ వంతు. ఇంత తేలిక కొయ్యలో కణాల గోడలు మిక్కిలి పలుచన. గట్టిగా రుద్దితే అవి చితుకుతవి, పొడి రంధ్రాలలో కూరుకుపోతుంది. అప్పుడు జిగురు అంటుకునేది కొయ్యకు కాదు, దానిపైని చితికిన పొరకు. లాగితే ఆ పొర జిగురుతో సహా ఊడి వస్తుంది. చూసినవాడు జిగురును నిందిస్తాడు!

అమెరికాలో మేడిసన్ నగరంలోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల వారి కొయ్య కరదీపిక ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. పదునైన కత్తితో చిత్రిక పట్టిన నున్నని, సమమైన ముఖమే మేలనీ, చిత్రిక పట్టిన 24 గంటలలోగా అతికించాలనీ దాని సలహా. ఇది పెద్ద కొయ్యలకు సరే. రెండు మిల్లీమీటర్ల పక్కటెముకకు చిత్రిక ఎట్లా పట్టడం? ఇక్కడ ఉప్పు కాగితం తప్పదు. సన్నని కాగితాన్ని చదునైన చెక్కకు చుట్టి, ముక్క సరిగా కుదిరేదాకా తేలికగా తాకించి, కుంచెతో పొడి దులపాలి. ఉద్దేశం గరుకు చేయడం కాదు, కొత్త ముఖాన్ని బయటపెట్టడం. ముఖం ఎట్లా ఉన్నదో తెలుసుకోవడానికి తరగతిలోనే ఒక నీటిబొట్టు వేసి చూడవచ్చు. బొట్టు త్వరగా పరచుకొని ఇంకితే మంచిది. ముత్యం వలె నిలిస్తే అక్కడ నూనె మరకో, చేతి జిడ్డో ఉన్నదన్న మాట.

లేజరుతో కోసిన కిట్లలో చిక్కు వేరు. అంచులు కాలి గోధుమరంగుకు తిరుగుతవి. ఆ కాలిన పొర బలహీనమైనది, తీసివేయాలి. కాని ఎక్కువ తీస్తే ముక్క కొలత తగ్గి సందు ఏర్పడుతుంది. పలుచని సయనోఅక్రిలేట్ జిగురు సందును నింపలేదు. ఆ అంచును ఒకటి రెండు సార్లు తాకించి ఆపడమే ఉచితం.

ఇక చాలా సూచనాపత్రాలు ఒక్క వాక్యంతో దాటవేసేది అడ్డకోత ముఖం. కోసిన గడ్డిపరక కొన వలె అది జిగురును లోపలికి పీల్చుకొని, పైన ఏమీ మిగల్చదు. తెల్ల జిగురును ముందు పలుచగా పూసి, ఆరనిచ్చి, తరువాత రెండవ పూత వేసి అతికిస్తే కొంత మేలు. అప్పటికీ కొసకు కొస ఆనించిన అతుకుకు నిలువు కొయ్యతో సమానమైన బలం రాదు. రెక్క దూలాలు కలిసే చోట ఏటవాలుగా, ఒకటికి పన్నెండు వాలుతో కోసి కలపాలి. లేదా పక్కన పలుచని ప్లైవుడ్ ముక్కను ఆనించాలి. ఆ ముక్కకు పట్టే బరువు రెండు మూడు గ్రాములకు మించదు.